కాంటన్‌లో శేషుకుమారి నడక

శేషుకుమారి అరబ్బు దేశంలోని బౌషర్ అనే ఊళ్లో కాపురం పెట్టి నాలుగేళ్లయింది. ఆ నాలుగేళ్లలో ఆమె కాలినడకన వెళ్ళిన దూరమల్లా క్వార్టర్స్ చివరనున్న కిరాణా కొట్టు దాకానే. ఎండకు భయపడి ఇంట్లో ఉండిపోవడం, బయటికెళ్తే కారెక్కడం అలవాటైపోయి, నలభై ఏడేళ్లకే మోకాళ్లు పట్టేశాయి. కింద కూర్చుంటే లేవడానికి గోడ ఆసరా కావలసి వచ్చేది. రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. సరేనని తలూపి వచ్చింది గానీ నడవలేదు.

డెబ్భై తొమ్మిది అక్టోబరులో ఆమె భర్త నాగేంద్రప్రసాద్‌కు చైనా ప్రయాణం తగిలింది. ఆయన అక్కడికి దగ్గరి రేవు పట్నం మత్రాలో ఒక పెద్ద వ్యాపారి దగ్గర సరుకుల కొనుగోలు చూసేవాడు. కాంటన్ నగరంలో జరిగే పెద్ద ఎగ్జిబిషన్‌కు వెళ్ళి ఎనామిల్ గిన్నెలు, తువ్వాళ్లు బేరం చేసి రావాలి. ఈసారి భార్యను కూడా తీసుకెళ్ళమని యజమానే అన్నాడు. శేషుకుమారికి సంతోషం కన్నా దిగులే ఎక్కువైంది. అంత పెద్ద ఊరు చూడాలంటే ఎన్ని మెట్లు ఎక్కాలో, ఎక్కడ కూలబడి నవ్వులపాలవుతుందో అని బెంగ.

బొంబాయి, హాంకాంగ్ మీదుగా కాంటన్ చేరారు. మర్నాటి నుంచి భర్త పొద్దున్నే పని మీద వెళ్ళిపోయేవాడు. ఆమెకు ఊరు చూపించడానికి ఎగ్జిబిషన్ వాళ్లు లిన్ అనే అమ్మాయిని పంపారు. ఇంగ్లీషు కూడబలుక్కుంటూ మాట్లాడే పిల్ల. మొదటి రోజంతా కారులో తిప్పింది. నది, పాత గుడి, బజారు అన్నీ అద్దంలోంచే చూసింది శేషుకుమారి. రాత్రి భోజనాల దగ్గర ఏం చూశావని భర్త అడిగితే సైకిళ్లు తప్ప మరేమీ గుర్తు రాలేదు.

రెండో రోజు హోటలు దగ్గర్లోని కొండ పార్కుకు వెళ్ళారు. పైన అయిదంతస్తుల పాత బురుజు ఉందట. మెట్ల వరస చూడగానే ఆమె కిందనే బెంచీ మీద కూర్చుండిపోయింది. ఎదురుగా చెట్ల కింద పదిమంది దాకా ముసలివాళ్లు, నీళ్లలో కదులుతున్నంత నెమ్మదిగా చేతులూ కాళ్లూ ఆడిస్తున్నారు. వాళ్లలో డెబ్భై దాటిన ఒక బక్కపలచటి ఆవిడ చెయ్యూపి ఆమెను రమ్మంది. శేషుకుమారి తన మోకాలు చూపించి తల అడ్డంగా ఊపింది. ఆవిడ ఊరుకోలేదు. దగ్గరికొచ్చి, ప్యాంటు పైకి లాగి, వాచి ఉన్న తన మోకాలు చూపించి ఏదో అంది.

లిన్ నవ్వాపుకుంటూ చెప్పింది. "ఆవిడ మోకాలు మీ మోకాలి కంటే పాతదట."

శేషుకుమారికి నవ్వొచ్చింది. నవ్వుతూనే లేచి, కొంగు నడుముకు దోపుకుని వాళ్ల మధ్యకు వెళ్ళింది. చేతులు భుజాల దాకా కూడా లేవలేదు. ఆ పెద్దావిడే ఆమె వెనక నిలబడి, పసిపిల్లకు చెప్పినట్టు మోచెయ్యి పట్టుకుని ఎత్తించింది. ఎవరూ నవ్వలేదు.

ఆ రోజు నుంచి పొద్దున పార్కు, తర్వాత నడక. చెప్పులు కరిస్తే బజార్లో నల్లటి గుడ్డ బూట్లు కొనుక్కుంది. మొదట ఒక వీధి, మర్నాడు రెండు. మోకాలు సలిపినప్పుడల్లా ఎక్కడో ఒకచోట కూర్చుని, టీ తాగి, మళ్ళీ లేచేది. కారులో దాటిపోయిన బజారే ఇప్పుడు వేరే బజారులా ఉంది. సందులకు అడ్డంగా వెదురు గడల మీద బట్టలు ఆరేశారు. గుమ్మాల ముందు పీటలేసుకుని ముసలాళ్లు చదరంగం ఆడుతున్నారు. చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఒకావిడ జరిగి చోటిస్తే, పక్కన కూర్చుని తనూ గుప్పెడు ఒలిచి వచ్చింది.

ఏడో రోజు భర్తకు తీరిక దొరికింది. ఆయన్ను కొండకు తీసుకెళ్ళింది. ఇరవై మెట్లకోసారి ఆగుతూ ఆమె ఎక్కుతుంటే, ఆయన సగంలోనే రొప్పుతూ నిలబడిపోయాడు.

"మీరు కాస్త కూర్చుని నెమ్మదిగా రండి. నేను పైన ఉంటాను" అంది.

పై నుంచి ఊరంతా కనిపించింది. బూడిద రంగు కప్పులు, వాటి మధ్య తను నడిచిన సందులు. ఒక్కొక్కటే గుర్తుపడుతూ నిలబడింది. చాలాసేపటికి ఆయన వచ్చి పక్కన చేరాడు.

"నాలుగేళ్లూ నిన్ను ఆ ఇంట్లో కూర్చోబెట్టేశాను శేషూ" అన్నాడు.

"మీరేం కూర్చోబెట్టలేదండీ. నేనే కూర్చున్నాను" అంది, ఏ నిష్ఠూరమూ లేకుండా.

తిరిగొచ్చేసరికి బౌషర్‌లో నవంబరు చల్లదనం దిగింది. పక్కింటి నిసార్ అహ్మద్ భార్య బిల్కీస్ చైనా నుంచి ఏం తెచ్చావని అడిగింది. శేషుకుమారి ఒక పట్టు విసనకర్ర ఇచ్చి, మర్నాడు ఎండెక్కక ముందే వచ్చి తలుపు తట్టింది. బిల్కీస్‌ది హైదరాబాదు. ఒళ్ళు బరువు, బయటికెళ్ళాలంటే బద్ధకం.

"వస్త గని, మెల్లగ నడువక్కా" అని బురఖా వేసుకుంది.

ఇద్దరూ ఖర్జూరపు తోటల వెంట, నీటి కాలువ పక్కనున్న దారిలో నడిచారు. వారం తిరిగేసరికి బిల్కీస్ అత్తగారు వజీరున్నీసా కూడా కర్ర తీసుకుని బయల్దేరింది. తోట మొదట్లోని చెట్టు దాకా వచ్చి, కాలువ గట్టున చతికిలబడి, వీళ్ళిద్దరినీ వెళ్ళి రమ్మంది. రేపు ఇంకో నాలుగు చెట్లు దాటుతానని కర్రతో చూపించింది.