సగం గోడ

బ్రిన్‌కోల్ వరసలో పద్నాలుగు ఇళ్ళు. నూరేళ్ళ కిందట గని యజమానులు బొగ్గు తవ్వేవాళ్ళ కోసం కొండరాయితో, సున్నంతో కట్టించారు. ఏడో నంబరులో పుట్టి, అందులోనే ముసలిదాన్నయ్యాను. అలాంటి వరసను నెమ్ముకొంపలని కూల్చేస్తామంటే నాకు ఒళ్ళు మండదా?

ఆ మాట అన్నది కౌన్సిల్ ఆఫీసు నుంచి వచ్చిన ప్రొథెరో గారు. ఏప్రిల్‌లో నా ముందుగది గోడకు తేమ కొలిచే మీటరు సూదులు గుచ్చితే ముల్లు చివరిదాకా పరుగెత్తింది. "సెప్టెంబరులో మళ్ళీ వస్తాను హెఫీనా గారూ. అప్పటికీ ఇలాగే ఉంటే నా చేతుల్లో ఏమీ లేదు," అన్నారు. వరసంతా చూస్తే ఒక్క ఇడ్వల్ ఇంట్లోనే ముల్లు కదల్లేదు. ఇడ్వల్ పని మానేసిన తాపీమేస్త్రి. ప్రొథెరో గారు వెళ్ళగానే ఇడ్వల్ గుమ్మం ఎక్కాను.

"నీ గోడకి ఏం మంత్రం వేశావయ్యా?"

"మంత్రమా! నా గోడకి ఊపిరాడుతోంది. మీ వాటికి నువ్వేగా సిమెంటు కోటు తొడిగించావు. పగుళ్ళలోంచి వాన లోపలికి పోతుంది, బయటికి రాదు. పదేళ్ళ కిందట ఇదే చెప్తే, సున్నం కొట్టిన నా ఇల్లు గొడ్లసావిడిలా ఉందని నవ్వావు."

నవ్వాను, నిజమే. నున్నటి సిమెంటు చూసి మురిసిపోయి, ఇంటింటికీ తిరిగి, వేయించుకోనివాళ్ళను సిగ్గుపడేలా చేశాను. వాళ్ళంతా ఈనాటికీ నెమ్ము కొండ ఊటవల్లేనని అనుకుంటున్నారు. ఇడ్వల్ అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడే సుత్తి, ఉలి పట్టుకున్నాను.

"అరవై రెండేళ్ళకి ఇదేం బుద్ధి?" అన్నాడు ఇడ్వల్.

"ఇప్పటికైనా వచ్చింది. ఉలి ఎలా పట్టాలో చెప్పు."

కిటికీకి ఎడమవైపు సిమెంటంతా ఊడగొట్టాం. రాళ్ళ సందుల్లో ఇడ్వల్ సున్నం నింపాడు. కుడివైపు మాత్రం కావాలనే ముట్టుకోనివ్వలేదు. పక్కింటి నెస్టా ఆగి చూసి, "సగం గడ్డం గీసుకున్న మొగుడిలా ఉందే నీ ఇల్లు!" అని పకపకా నవ్వింది. నవ్వనీ అనుకున్నాను.

సెప్టెంబరులో ప్రొథెరో గారు వచ్చేసరికి వరసంతా నా ఇంటి ముందే ఉంది. ఆయన లోపలికొచ్చి, సిమెంటు తీసిన వైపు గోడకు సూదులు గుచ్చారు. ముల్లు కదల్లేదు. ఆయన చిన్నగా నవ్వి, "ఈ వేసవిలో చినుకు పడలేదు కదమ్మా. ఏ గోడైనా ఆరుతుంది," అన్నారు.

ఆ మాట కోసమే నేను కాచుకుని కూర్చున్నాను.

"అయితే కిటికీకి ఇటు గుచ్చండి. అదే గోడ, అదే ఎండ."

ముల్లు చివరిదాకా పోయింది. మూడుసార్లు గుచ్చి చూశారు. బయటికెళ్ళి సగం గోడను చాలాసేపు తడిమారు.

"సిమెంటు తీయిస్తే చాలన్నమాట. కూల్చే పనిలేదు," అంటూ కాగితం తీశారు. "కారణం రాయాలి. ఈ సిమెంటు ఎవరు వేయించారు?"



"పాత సంగతి, ఎవరికి గుర్తు!" అన్నాడు ఇడ్వల్ తల దించుకుని. నన్ను కాయబోయాడు.  అయినా చివరి ఇంటిదాకా వినపడేలా చెప్పాను.

"నేను. నా ఇంటికే కాదు, వీళ్ళందరి పీకల మీద కూర్చుని వేయించాను. పేరు తప్పు లేకుండా రాసుకోండి."

 నెస్టా విసురుగా ఇంట్లోకి వెళ్ళింది. ఇక ఈ జన్మలో నాతో మాట్లాడదనుకున్నాను. అంతలోనే బయటికొచ్చి, వాళ్ళాయన సుత్తి నా చేతిలో కుక్కింది.

"నిలబడి చూస్తావేంటి? మా గోడతో మొదలుపెట్టు."