అందరూ తడిమే తాడు

ఆ తాడును కొరికింది ఎలుకలు కాదు, మీరే. మేనేజరు, నటులు, అందరూ. ఆటకు ముందు అదృష్టం కోసమని ఒకే చోట తడిమి తడిమి, చేతుల చెమటంతా పట్టించి పీచు పీచు చేశారు. ఆ తాడుకు కట్టిన ఉయ్యాలలోనే నా చెల్లెలు వేలాడుతుంది. చంద్రలోకపు రాణి వేషం. ఉయ్యాల పైకప్పు దాకా లేస్తుంది.

నిన్న మధ్యాహ్నం ఆటకు గంట కొట్టారు. తాడు తడిమే వరసలో నా వంతు వచ్చింది. తెర పక్కన కొక్కేనికి చుట్టిన తాడును తడిమితే అరచేతికి పీచు అంటుకొచ్చింది.

"ఇది తెగుతుంది" అన్నాను.

గంట కొట్టాక ఆ మాట అనకూడదు. ముసలిరాజు వేషం వేసే బాబాయి నా నోరు నొక్కేశాడు. "ఏం నోరే నీది! మింగెయ్ ఆ మాట. కావాలంటే మంచినీళ్ళిస్తా."

"నువ్వే చూడు బాబాయ్, ఇదిగో పీచు!"

"చూస్తే ఇంకా దరిద్రం" అన్నాడు మేనేజరు. "నడువమ్మా బయటికి. అన్న మాట వెనక్కి తీసుకుని తలుపు తట్టు, అప్పుడు రానిస్తాం."

చెల్లెలు అప్పటికే ఉయ్యాలలో కూర్చుంది. "వెళ్ళక్కా, నన్ను భయపెట్టకు." పెదాలకు రంగుంది గానీ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

నన్ను సందులోకి గెంటి గడియ పెట్టారు. లోపల వయొలిన్ మొదలైంది. అంటే ఉయ్యాల లేస్తోంది. మూసిన తలుపుకి క్షమాపణ చెబుతూ కూర్చోనా? గోడ వెంబడి పరుగెత్తాను. ముందు గుమ్మంలోంచి జనం మధ్యకి దూరి అరిచాను. "ఆపండి! దాన్ని దించండి!"

జనం నవ్వారు. నాటకంలో భాగమనుకున్నారు. అంతలో పైన ఉయ్యాల జర్రున ఒక పక్కకి జారి ఆగింది. చెల్లెలి కేక విన్నాక ఎవరూ నవ్వలేదు. తెర వేసి దాన్ని దించేసరికి నేను వేదిక మీదికి చేరాను. చెల్లెలు నా మెడ పట్టుకుని వదల్లేదు. దాని పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

మేనేజరు ఏమన్నాడో తెలుసుగా. "చూశావా, తెగలేదు! అదృష్టం ఉన్న తాడు కాబట్టే నిలిచింది." వెంటనే మీరంతా వెళ్ళి మళ్ళీ తడిమారు. నా కళ్ళముందే!

ఈరోజూ ఆట ఉంది. చెల్లెలు ఎక్కనంటే ఇంకో పిల్లను ఎక్కిస్తారట. రాత్రంతా నా చెల్లెలు నిద్రలో చేతులు బిగించి దేన్నో పట్టుకుంటూనే ఉంది. నాకూ భయమే. అయినా చెబుతున్నా. గంట కొట్టకముందే ఆ తాడు కోసెయ్యండి. కొత్తది కట్టి, ఇసుక బస్తాలు వేలాడదీసి చూడండి. అంతవరకూ ఏ ఆడపిల్లా ఆ ఉయ్యాల ఎక్కకూడదు.