పాత తాళంచెవి

తాళాలాయన ఆకురాయిని తొడకు తుడుచుకుని మళ్లీ తాళంచెవిని అరగదీయడం మొదలుపెట్టాడు. యుద్ధం దగ్గరికొచ్చేసింది, సాయంత్రానికి వీధంతా ఖాళీ చేసి లారీలెక్కాలని పొద్దున్నే మైకులో చెప్పి వెళ్లారు. దాంతో ఎన్నడూ లేని గిరాకీ ఇవాళ తగిలింది. నిన్నటిదాకా ఉత్త గొళ్లెంతో సరిపెట్టుకున్నవాళ్లు కూడా తాళంకప్పలు కావాలంటూ ఎగబడుతున్నారు.

"ఊరందరికీ తాళాలు వేస్తావు. మన తలుపుకు మాత్రం తాడే గతి" అని మూటలు కడుతూ భార్య దెప్పింది. ఆయన నవ్వాడు గాని చెయ్యి ఆపలేదు.

జనం పలచబడ్డాక, బళ్లో చదువు చెప్పే పంతులమ్మ వచ్చి తన ఇంటి తాళంకప్పను బల్లమీద పెట్టింది. "ఇది పడటం లేదయ్యా."

దాన్ని చూడగానే ఆయన ప్రాణం ఉసూరుమంది. పంతులమ్మకు ఒక్కడే కొడుకు. యుద్ధానికి వెళ్లినవాడి జాడ తెలియడం లేదని కబురు వచ్చిన రోజు, ఓదార్చడానికి మాట దొరక్క ఈయనే, "వాడి జేబులో ఇంటి తాళంచెవి ఉందిగా అమ్మా, ఎందుకు రాడు?" అనేశాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు. ఆమె ఆ మాటనే పట్టుకుని బతుకుతోంది. అప్పటినుంచి ఆమె ముఖంలోకి చూడాలంటే ఆయనకు భయం.

కప్ప విప్పి చూశాడు. లోపలి రేకులు పూర్తిగా అరిగిపోయాయి.

"కొత్త రేకులు వేయాలమ్మా. వేస్తే పాత చెవి పట్టదు."

"అయితే వద్దు. వాడి దగ్గరున్నది పాతదేగా."

"పోనీ, కొత్త కప్ప పట్టుకెళ్లండి. ఊరికే ఇస్తాను."

"ఏమయ్యా, ఒకసారి చెబితే అర్థం కాదా నీకు?" అని బళ్లో పిల్లల్ని కసిరినట్టే కసిరింది.

ఆయన అరిగిన రేకుల్ని ఒక్కొక్కటే లాగేశాడు. చివరికి ఒకటి మిగిలింది. ఆమె తెచ్చిన పాత చెవి హాయిగా తిరిగింది. అనుమానమొచ్చి పక్కనున్న మేకు దూర్చి తిప్పాడు. దానికీ తెరుచుకుంది. చెప్పకుండా ఊరుకుందామనుకున్నాడు గాని, ఆమెను ఇంకోసారి మభ్యపెట్టడానికి మనసొప్పలేదు.

"ఇది ఇక మేకుతో కూడా వచ్చేస్తుందమ్మా. ఎవడైనా తీసేస్తాడు."

"తీయనీ. పట్టుకుపోయేవాళ్లు పట్టుకుపోతారు. వాడొచ్చి, చేతిలో చెవి పెట్టుకుని బయట నిలబడిపోకూడదు." ఆయనవైపు చూసి అడిగింది. "వస్తాడంటావా?"

ఆయన కప్పను గుడ్డతో తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

"నేనొచ్చి తాళం వేస్తాలెండి" అన్నాడు చివరికి. అంతకంటే ఏమీ చేతకాలేదు.

సాయంత్రం తలుపు దగ్గరగా వేసి, గొళ్లెం పెట్టి, కప్ప నొక్కాడు. పంతులమ్మ దాన్ని రెండుసార్లు లాగి చూసుకుంది. తర్వాత వెనక్కి తిరగకుండా వెళ్లి లారీ ఎక్కింది. తాళాలాయన భార్య మూటను ఒళ్లోకి తీసుకుని ఆమెకు చోటిచ్చింది.

లారీ కదిలింది. మలుపు తిరిగేదాకా ఆయన లారీలోంచి పంతులమ్మ గుమ్మాన్నే చూస్తూ కూర్చున్నాడు. గాలికి తలుపు ఒకసారి కొట్టుకుంది. ఆపమని అరవబోయి ఊరుకున్నాడు. ఆపి మాత్రం ఏం చేయగలడు?

గొళ్లేనికి తాళంకప్ప నోరు తెరుచుకుని వేలాడుతోంది.