పాత వెలుగు

ముప్ఫై ఒక్క ఏళ్లుగా నేను చీకట్లో నిలబడి ఒకే ఒక్క మాటతో జనం చేత 'అయ్యో' అనిపిస్తున్నాను. "మీరిప్పుడు చూస్తున్న ఈ నక్షత్రం ఎప్పుడో చచ్చిపోయి ఉండవచ్చు. మీ కంటికి అందుతున్నది దాని పాత వెలుగు మాత్రమే." ఇది చెప్పి, మనసులో మూడు అంకెలు లెక్కపెట్టుకునేంతసేపు ఆగుతాను. వరసలన్నీ ఒక్కసారిగా నిట్టూరుస్తాయి. బడిపిల్లల్ని తీసుకొచ్చిన టీచర్లు సైతం కళ్లు తుడుచుకుంటారు. నల్ల సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరి నక్షత్రశాలలో గుమ్మటం నుంచి వాన కారినా, చలికాలంలో వేడి గొట్టాలు మొరాయించినా నేను అక్కడే పడి ఉన్నది ఆ 'అయ్యో' కోసమే. ఇందులో దాచుకునేదేమీ లేదు.

ఆ మాట తప్పని ఓగ్న్యాన్ నాకు రెండేళ్ల కిందటే చెప్పాడు. ఒకప్పుడు మా మొదటి వరసలో కూర్చుని, ముక్కు ఎగబీలుస్తూ నన్ను విన్నవాడే. రాజధాని సోఫియా వెళ్లి భౌతికశాస్త్రం చదువుకొచ్చి నా పక్కనే ఉద్యోగంలో చేరాడు.

"రుమ్యానా గారూ, మామూలు కంటికి కనిపించే నక్షత్రాలు మహా అయితే కొన్ని వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటాయండీ. వాటి ఆయుష్షేమో లక్షలు, కోట్ల ఏళ్లు. వెలుగు ఇక్కడికి వచ్చేలోపు చచ్చిపోవడానికి వాటికేం పుట్టింది? దాదాపు అన్నీ బతికే ఉన్నాయి."

"దాదాపు అన్నావుగా! నాకా దాదాపు చాలు."

"కృష్ణబిలం సంగతీ అంతే. కనపడిందల్లా లాగి మింగేస్తుందని పిల్లల్ని హడలగొడుతున్నారు. సూర్యుణ్ని తీసేసి అంతే బరువున్న కృష్ణబిలాన్ని అక్కడ పెట్టినా భూమి ఇప్పుడు తిరిగినట్టే తిరుగుతుంది. చీకటి, చలి, అంతే తేడా."

"ఒరేయ్, జనం ఇక్కడికి లెక్కలు వినడానికి రారు. గుండె ఝల్లుమనాలని వస్తారు. నీ లెక్కలు నీ దగ్గరే ఉంచుకో," అన్నాను. నేనే గెలిచాననుకున్నాను.

ఏప్రిల్ మొదట్లో ఒక బుధవారం, పన్నెండింటి ప్రదర్శన ముగించి దీపాలు వేశాను. తలుపు దడాలున తెరుచుకుంది. ముప్ఫై దాటిన ఒకావిడ తొమ్మిదేళ్ల పిల్లను చెయ్యి పట్టి లాక్కుంటూ లోపలికి వచ్చింది. సముద్రపు గాలికి ఆవిడ జుట్టంతా రేగిపోయి ఉంది.

"పిల్లలకి నక్షత్రాల గురించి చెప్పేది మీరేనా?"

"నేనేనమ్మా. మళ్లీ ప్రదర్శన రెండింటికి."

"మీ ప్రదర్శన తగలెయ్య! ఏం చెప్పారండీ మా పిల్లకి? బడి వాళ్లు ఇక్కడికి తీసుకొచ్చి తొమ్మిది రోజులైంది. ఆ రోజు నుంచి నిద్ర లేదు. మూడు రోజులుగా పాలు తప్ప ఇంకేదీ ముట్టడం లేదు. వాళ్ల నాన్న చచ్చిపోయాడంటుంది!"

"అయ్యయ్యో! ఎలా పోయాడమ్మా?"

"ఆయన నిక్షేపంలా ఉన్నాడండీ! ఓడలో ఉన్నాడు!"

కాస్త మంచినీళ్లు తాగించాక అసలు సంగతి చెప్పింది. ఆవిడ పేరు వెనెతా, పిల్ల కలీనా. భర్త తొడోర్ ఒక పాత సరుకు ఓడలో ఇంజన్ పని చేస్తాడు. నడిసముద్రంలో ఫోన్ పలకదు. ఆయన తన మాటలు రికార్డు చేసి పెట్టుకుంటాడు. ఓడకు ఇంటర్నెట్ దొరికినప్పుడు అవి ఇంటికి, వీళ్ల జవాబులు ఆయనకు చేరతాయి. నక్షత్రశాల చూసొచ్చిన సాయంత్రమే ఒకటి చేరింది. "నాన్న ఈ మాటలు ఎప్పుడన్నాడు?" అని అడిగింది కలీనా. నాలుగు రోజుల కిందట అని చెప్పింది తల్లి. అంతే. పాత వెలుగు, అనేసింది. ఆ తర్వాత మూడు వచ్చాయి, ఒక్కటీ వినలేదు. నాన్నకు జవాబు చెప్పవే అంటే, "ఎవరికి?" అంటోంది.

ఆ పిల్ల మొదటి వరసలో కూర్చుని ఖాళీ గుమ్మటం వైపు చూస్తోంది. వసంతం వస్తోందని మార్చి మొదటి తేదీన మా వైపు అందరూ కట్టుకునే ఎర్ర తెల్ల దారం ఇంకా మణికట్టుకే ఉంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. నా నోటి దురద ఇంత పని చేసిందా అని తల ఎత్తలేకపోయాను.

"చూడు బంగారూ, ఆ రోజు నేను చెప్పింది తప్పు."

"ఎంత తప్పు?"

ఈ ప్రశ్న నేను ఊహించలేదు. నక్షత్రాలు చూపించే యంత్రం వెనక నుంచి ఓగ్న్యాన్ తల పైకి లేచింది.

"చాలా తప్పు. పైన కనిపించేవి దాదాపు అన్నీ బతికే ఉన్నాయి."

"దాదాపు అంటే కొన్ని లేవు."

"ఆర్ద్ర ఒక్కటే బాగా ముసలిదైపోయింది. అది పేలిపోయి ఉంటే ఉండొచ్చు. అదీ అనుమానమే."

"దాని వెలుగు మన దగ్గరికి రావడానికి ఎన్నేళ్లు?"

"ఆరేడు వందల ఏళ్లు. టర్కీ సుల్తానులు మన దేశం మీద పడ్డ రోజుల్లో ఎప్పుడో బయల్దేరిన వెలుగు."

"మరి ఇప్పుడు ఉందో లేదో మీకు తెలుసా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. మళ్లీ అదే పాపం చేయడానికి మనసొప్పలేదు. "తెలీదు తల్లీ," అన్నాను.

"చూశావా అమ్మా," అంది కలీనా. వెనెతా నా వైపు కొరకొరా చూసింది.

ఓగ్న్యాన్ వచ్చి పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. "నక్షత్రాల సంగతి వేరు చిట్టీ. మీ నాన్న ఈ భూమ్మీదే ఉన్నాడు. వెలుగు ఒక్క సెకనులో భూమిని ఏడుసార్లు చుట్టేస్తుంది తెలుసా? ఫోన్‌లో మాట కూడా ఇంచుమించు అంత వేగంగా వస్తుంది."

"మరి నాలుగు రోజులెందుకు పట్టింది?"

సోఫియా చదువు అక్కడితో సరి.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి కుర్చీల మధ్య అటూ ఇటూ తిరిగాను. ముప్ఫై ఒక్క ఏళ్ల అనుభవం, తొమ్మిదేళ్ల పిల్ల ముందు ఓడిపోవడమా? కృష్ణబిలం గుర్తుకొచ్చి ప్రాణం లేచి వచ్చింది.

"ఇదిగో, వెలుగు రానంత మాత్రాన లేనట్టు కాదే. కృష్ణబిలం నుంచి అసలు వెలుగే బయటికి రాదు. అయినా అక్కడ ఉందని మాకు తెలుస్తుంది. ఎలాగంటావా? దాని పక్కన ఉన్న నక్షత్రం, ఏమీ లేని చోటు చుట్టూ గిరగిరా తిరుగుతూ ఉంటుంది. ఊరికే తిరుగుతుందా? పట్టి లాగే బరువు ఏదో అక్కడ ఉంది కనుకే తిరుగుతుంది. మీ అమ్మనే చూడు. మీ నాన్నకి ఇష్టమని బానిట్సా, ఆ జున్ను రొట్టె, చేయడం నేర్చుకునే ఉంటుంది కదా? ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసి పెడుతూనే ఉంటుంది కదా? ఆయన ఉన్నాడు కాబట్టే!"

వెనెతా అవునన్నట్టు కన్నీళ్లతోనే నవ్వింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. కలీనా నా వైపు తిరిగింది.

"సూర్యుడు ఇప్పుడు మాయమైపోతే మనకెప్పుడు తెలుస్తుంది?"

"ఎనిమిది నిమిషాలకి. వెలుగు రావడానికి అంతసేపు పడుతుంది."

"ఆ ఎనిమిది నిమిషాలూ భూమి తిరుగుతూనే ఉంటుందా?"

నోరెత్తకురా అన్నట్టు ఓగ్న్యాన్ వైపు చూశాను. వాడికి అబద్ధం చేతకాదు. "తిరుగుతూనే ఉంటుంది. ఆ లాగుడు కూడా వెలుగంత వేగంతోనే వస్తుంది. సూర్యుడు లేడని ఎనిమిది నిమిషాల దాకా భూమికి తెలీదు," అన్నాడు.

"అయితే అమ్మ కూడా అంతే. తెలీక తిరుగుతోంది."

వెనెతా అక్కడే కుర్చీలో కూలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. నా మీద నాకే అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నిట్టూర్పుల కోసం విసిరిన మాటను పట్టుకుని, ఈ పిల్ల తొమ్మిది రోజులు ఒంటరిగా లెక్క వేసుకుంది. ఆ లెక్కలో నాకు ఒక్క తప్పూ దొరకలేదు.

"లే అమ్మాయ్," అన్నాను వెనెతాతో. "ఆ ఓడ వాళ్లకి ఈ ఊళ్లో ఆఫీసు ఉందా?"

"రేవు దగ్గరుందండీ. కెప్టెన్ గదిలో ఉపగ్రహ ఫోన్ ఉంటుందట. ప్రాణం మీదికొస్తే తప్ప దాన్ని ముట్టుకోనివ్వరట."

"పిల్ల తిండి మానేస్తే ప్రాణం మీదికి రానట్టా? పద!"

"రెండింటి ప్రదర్శన?" అన్నాడు ఓగ్న్యాన్.

"నువ్వే చెప్పు. తీరిగ్గా నీ లెక్కలన్నీ చెప్పుకో. ఇవాళ నిన్ను ఆపేవాళ్లు లేరు."

బస్సు కోసం ఆగే ఓపిక లేదు. ఎదురుగాలిలో ముగ్గురం రేవు దాకా నడిచాం. నడిచామంటే, నేను ముందు, వాళ్లిద్దరూ నా వెనక పరుగు.

ఆఫీసులో ఒకే ఒక్క గుమాస్తా. పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కాగితాలు చూస్తున్నాడు. ఓడకు ఫోన్ కలపమని అడిగాం.

"ఎవరైనా పోయారా?"

"అది తేల్చుకోవడానికే వచ్చాం," అన్నాను.

"అలా కుదరదండీ. చావో, ఆపరేషనో అయితేనే కలుపుతాం. దరఖాస్తు రాసిచ్చి వెళ్లండి, పైవాళ్లని అడిగి రేపు చెబుతాను."

నేను అతని ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "బాబూ, మాట్లాడటమే నా ఉద్యోగం. మంచినీళ్లు కూడా తాగకుండా ఎంతసేపైనా మాట్లాడగలను. ఈ పిల్ల తన తండ్రి గొంతు వినేదాకా నేనిక్కడి నుంచి కదలను, నోరు మూయను. సౌర కుటుంబం నుంచి మొదలుపెడతాను. బుధుడు..."

శుక్రుడి దాకా వెళ్లేసరికి అతను ఫోన్ అందుకున్నాడు.

ఇంజన్ గదిలో ఉన్న తొడోర్‌ను పైకి పిలిపిస్తున్నామని కెప్టెన్ అన్నాడు. అందరికీ వినపడేట్టు గుమాస్తా ఫోన్‌ను బల్ల మీద పెట్టాడు. పది నిమిషాలు గడిచాయి. నేను కాలు కాలిన పిల్లిలా తిరిగాను. వెనెతా కోటు అంచును నలుపుతూ నిలబడింది. కలీనా గోడకు ఆనుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, ఫోన్ వైపు కాకుండా కిటికీ వైపు చూస్తోంది. అంతలో ఇంజన్ మోత, దాని మీదుగా ఒక మనిషి రొప్పు వినిపించాయి.

"తొడోర్..." అని వెనెతా ఏదో అనబోయింది.

"వెనెతా, నిజం చెప్పు. పాపకేమైంది?"

"పాపకేం కాలేదు," అంది వెనెతా తెల్లబోయి.

మాట పైన ఉపగ్రహం దాకా వెళ్లి కిందికి దిగాలి. ఒక ఊపిరి తీసుకునేంతసేపు అవతల నిశ్శబ్దం.

"అబద్ధాలు చెప్పకు. దాని గొంతు విని తొమ్మిది రోజులైంది. ఒకసారి నిద్రపోతోందన్నావు, ఒకసారి బళ్లో ఉందన్నావు. నా దగ్గర ఏదో దాస్తున్నావు. దానివి పాత మాటలన్నీ తీసి అవే మళ్లీ మళ్లీ వింటున్నాను. ఆఫీసు నుంచి ఫోన్ అనగానే మెట్లన్నీ పరుగున ఎక్కొచ్చాను. ఏదైనా సరే, నాకు చెప్పెయ్ వెనెతా. పాప ఉందా?"

ఆ తర్వాత ఏడుపు. అంత మనిషీ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. గుమాస్తా నోట్లో గింజ అలాగే ఉండిపోయింది. ఇంతసేపూ అటు నుంచి ఇటు వచ్చే వెలుగు గురించే గొడవపడ్డాం. ఇటు నుంచి అటు ఏం వెళుతోందో మాలో ఒక్కరికీ తట్టలేదు. నాకసలే తట్టలేదు, ఇంత వయసు వచ్చి.

కలీనా ముఖం పాలిపోయింది. గోడ దగ్గర నుంచి ఒక్క ఉరుకున వచ్చి ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"నాన్నా, నేనున్నాను!"

అవతల ఏడుపు ఆగలేదు. మాట ఇంకా చేరలేదు. ఆ ఒక్క క్షణం కూడా ఓర్చుకోలేకపోయింది పిల్ల.

"ఉన్నాను నాన్నా! కలీనాని! ఉన్నాను! వినపడుతోందా? ఇక్కడే ఉన్నాను!"

"తల్లీ!" అన్నాడు తొడోర్. "వినపడింది నా తల్లీ, వినపడింది. చాల్లే, ఇక అరవకు, గొంతు పోతుంది."

"నువ్వు విన్నది ఇందాకటిది నాన్నా," అంది కలీనా, ఏడుస్తూ. "ఇప్పుడూ ఉన్నాను."