స్ట్రాబెర్రీలకు తోడు పచ్చి బెండకాయ

బుట్ట మూత తీయగానే దేవానందం రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏందండీ ఇది గుమాస్తాగారూ? లోపల ఎలకేమన్నా చచ్చిందా?"

బెంగుళూరు నుంచి రైళ్ళు మారుతూ రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చిన బుట్ట అది. మాచర్ల స్టేషన్లో దిగి, ఎండలో ఎడ్లబండి మీద మా ట్రావెలర్స్ బంగళా వంటింటికి చేరేసరికి అడుగు నుంచి ఎర్రటి నీళ్ళు కారుతున్నాయి. లోపల గడ్డి పరిచి, దాని మీద స్ట్రాబెర్రీలు పేర్చారు. కాలేజీలో ఉండగా ఇంగ్లీషు వాచకంలో వాటి పేరు చదివి, ఎంత సుకుమారమైన పండో అనుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే సగానికి బూడిదరంగు బూజు, ఇంకా కళ్ళు తెరవని ఎలకపిల్ల మీద నూగులా ఉంది. తక్కినవి ఒకదానికొకటి అంటుకుపోయి, వేలు పెడితే వేలు లోపలికి దిగుతోంది. వాటి మీద గండుచీమలు. వాసన పులిసిన కల్లుకీ, తడి గోనెసంచికీ మధ్య ఎక్కడో ఉంది.

అది యాభై ఏడో సంవత్సరం, ఏప్రిల్ నెల. బంగళాలో రిజిస్టరు రాయడం, వచ్చిన ఆఫీసర్లకి ఏర్పాట్లు చూడటం నా ఉద్యోగం. దేవానందం వాచ్‌మను. వంట మాబున్నీసాది. నిజానికి ఆ ఉద్యోగం ఆమె భర్త రసూల్‌ది. ఇరవై ఏళ్ళు దొరలకి వండిపెట్టి, కిందటేడు గుండెనొప్పితో పోయాడు. అప్పటినుంచి ఆమె ఇద్దరాడపిల్లలతో బంగళా వెనక గదిలోనే ఉంటూ వండుతోంది. కాకపోతే ఉద్యోగం ఆమె పేర వేస్తూ ఆర్డరు లేదు. ఎవరు పొమ్మన్నా ఆ పూటే గది ఖాళీ చేసి పోవాలి.

ఆ పొమ్మనే రోజు ఇదేనేమో అని మా అందరికీ భయంగా ఉంది. ఆ పళ్ళు తెప్పించిన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సాంబశివరావుగారు ముందురోజే చెప్పి వెళ్ళారు. "కాలవ పని చూడ్డానికి విదేశం నుంచి దొర వస్తున్నాడయ్యా, భార్యతో. మధ్యాన్నం భోజనం ఇక్కడే. గుంటూర్లో దొరల వంట తెలిసిన బట్లర్ ఒకడు ఖాళీగా ఉన్నాడు. ఈవిడ చేతనవుతుందో లేదో రేపు తేలిపోతుంది. చేతనైతే ఆర్డరు రాస్తా, లేకపోతే వాణ్ణి పిలుస్తా." అంటూ ఇంగ్లీషు పత్రికలోంచి చింపిన ఒక కాగితం నా చేతిలో పెట్టారు. "దొరసానికి వాళ్ళ ఊళ్ళో ఉన్నట్టే ఉండాలి!"

ఆ కాగితం నేను మాబున్నీసాకి తెలుగులో చదివి వినిపించాను. కరకరలాడే స్ట్రాబెర్రీ వేసవి సలాడు.

"సలాడంటే ఏందన్నయ్యా?"

"పచ్చివన్నీ కోసి, కలుపుకుని తినడం."

"పొయ్యి మీద పెట్టకుండానా?"

"పెట్టకుండానే."

"మరి నన్నెందుకు పిలవటం? మేకని పిలిస్తే చాలుగా." నవ్వింది గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "సరే చదవండి. ఏమేం కావాలంట?"

స్ట్రాబెర్రీలు, ఆకులు, పచ్చి ఉల్లిపాయ చక్రాలు, చీజ్, బాదంపప్పు, సిర్కా అనే వెనిగరు, నూనె, పంచదార, మిరియాలు. ఒక్కొక్క పేరు చదువుతుంటే నా నోరే అదోలా అయింది. పండు మీద ఉల్లిపాయేమిటి? దాని మీద సిర్కా ఏమిటి? ఆ పైన నూనె! పుట్టెడు ఆకలితో ఉన్నవాడు కూడా ఆ నాలుగూ ఒక గిన్నెలో వేయడు.

అయినా మొదలుపెట్టాం. బూజు పట్టినవి పారేస్తే ముప్ఫై నలభై పళ్ళు మిగిలాయి. ఆకులకి గుంటూరు నుంచి వచ్చిన క్యాబేజీ ఉంది. బాదంపప్పుకి బదులు పల్లీలు దోరగా వేయించింది. ఆ కాసేపు వంటింట్లో మనుషులు తినే వాసన వచ్చింది. కాగితంలో అడిగిన ఆలివ్ నూనె మా జిల్లాలోనే లేదు. గానుగ పట్టిన వేరుశనగ నూనె పచ్చిదే పోశాం. చీజ్ డబ్బా మూత దేవానందం కత్తితో ఊడదీశాడు. ఊడదీసి, వాననీళ్ళలో నానిన గొంగళి కింద తల పెట్టినట్టు మొహం పెట్టి, డబ్బా నా చేతికిచ్చి బయటికి వెళ్ళి ఉమ్మేసి వచ్చాడు.

వంటింటి గోడకి ఒక బోర్డు ఉంది. దొరలకి పెట్టే పచ్చి పదార్థం ఏదైనా పర్మాంగనేటు నీళ్ళలో నానబెట్టాలని రూలు. కలరా రోజుల్లో బావుల్లో వేసే మందే అది. ఎన్ని పలుకులు వేయాలో బోర్డు మీద చెరిగిపోయింది. మంచిదే కదా అని నేను ఒక పలుకు ఎక్కువే వేశాను. పావుగంట తర్వాత తీస్తే స్ట్రాబెర్రీలు దెబ్బ తగిలి కమిలిన చర్మం రంగుకి తిరిగాయి.

కాగితంలో ఇంకొకటి ఉంది. సెలెరీ. అదేమిటో నాకూ తెలియదు. నిఘంటువు తీస్తే, పచ్చిగా తినదగిన కరకరలాడే కాడలుగల తోటమొక్క అని ఉంది.

"కరకరలాడాలంతేగా?" అన్నాడు దేవానందం. "లేత బెండకాయ కరకరలాడదా? పొలంలో చెట్టు మీదవి చెట్టు మీదే తింటాం గదా."

నిజమే అనిపించింది. నేనూ చిన్నప్పుడు తిన్నాను. బి.ఎ. చదివినవాణ్ణి. ఆ బెండకాయ వేయమన్నది నేనే. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు.

మాబున్నీసా అన్నీ గాజు గిన్నెలో వేసి, సిర్కా, నూనె పోసి, చెక్క గరిటెతో కలిపింది. రెండు తిప్పులు తిప్పింది. మూడో తిప్పుకి గరిటె పైకెత్తితే దాన్నంటుకుని బెండకాయ జిగురు తీగలు తీగలుగా లేచింది. ఎర్రటి రసం ఆ జిగురులో కలిసి, జలుబు చేసిన పిల్లవాడి ముక్కు కింద కనిపించే దానిలా అయింది. దాంట్లో చీజ్ తెల్లటి ఉండలుగా ఈదుతోంది.

ముగ్గురం గిన్నె మీదికి వంగి చూశాం.

"రుచి చూడాలి," అంది మాబున్నీసా. అని, నావైపు చూసింది.

రంజాను నెల. ఆమె రోజా, అంటే ఉపవాసం ఉంది. వంట చేసేవాళ్ళు నాలిక మీద పెట్టుకుని ఉమ్మేయొచ్చని వాళ్ళ పెద్దలే చెబుతారట గానీ, ఆమెకి మనసొప్పదు. ఆ నెలంతా ఉప్పూకారం వాసనతోనే పోల్చుకుంటుంది. ఒక్కనాడు తేడా రాలేదు. కానీ ఈ వాసనని దేనితో పోల్చుకుంటుంది?

"దేవానందం చూస్తాడ్లే," అన్నాను.

"నా నాలిక చుట్టకి ఎప్పుడో అమ్ముడుపోయింది బాబూ. నాకేం తెలవదు," అన్నాడతను, అప్పటికే గుమ్మం దాటి.

ఒక చెంచా తీసుకున్నాను. నోట్లో పెట్టుకోగానే ముందు తుప్పు రుచి తగిలింది, అది పర్మాంగనేటు. తర్వాత సిర్కా ముక్కులోకి ఎక్కింది. దాని వెనకే పచ్చి నూనె, ఉల్లిపాయ ఘాటు. పండు మెత్తగా నలిగి, పులిసిన తీపి. పంటి కింద పల్లీ ఒక్కటే కాస్త మర్యాదగా ఉంది. మింగబోతే జిగురు సగం గొంతులోకి దిగి, సగం నాలిక మీదే ఉండిపోయింది. కింది సగం పై సగాన్ని పిలుస్తోంది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

మాబున్నీసా చటుక్కున పొయ్యి వైపు తిరిగి, అక్కర్లేని కట్టెని ఎగదోయడం మొదలుపెట్టింది. నేను ఉమ్మేసుకోవడానికి. అంత ఇబ్బందిలోనూ ఆ మర్యాద నాకు తెలిసింది. కిటికీలోంచి ఉమ్మేసి, నోరు పుక్కిలించి వచ్చాను.

"ఎట్టుందన్నయ్యా?"

"బాగానే ఉందమ్మా," అన్నాను.

నా పుట్టుకే అంత. ఎదుటివాళ్ళు చేసినదాన్ని బాగాలేదని అనలేను. నా భార్య శేషారత్నం బతికుండగా, పదకొండేళ్ళ కాపురంలో ఆమె వంటకి ఏ వంకా చెప్పలేదు. అది మంచితనమే అనుకునేవాణ్ణి.

మాబున్నీసా ఇటు తిరిగింది. "బాగానే ఉంటే ఉమ్మేశారేం?"

నేను చెంచా తుడవడం మొదలుపెట్టాను.

"అన్నయ్యా, మొగమాటం ఇంకోరోజు పడుదురుగాని. ఇయ్యాళ నా పిల్లల కూడు మీ నాలిక మీద ఉంది. బాగుందని మీరంటే నేనిది అట్టాగే తీసకెళ్ళి పెడతా. రేపు గుంటూరు బట్లరొచ్చి ఈ గదిలో దిగుతాడు. బాగుందని చెప్పినందుకు మీకు పుణ్యం వస్తది, నేను రోడ్డున పడతా. చెప్పండి."

ఎవరూ నాతో అలా మాట్లాడలేదు. సిగ్గుతో తల వంచుకుని, ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టాను. మొదటి మాట కష్టంగా వచ్చింది. తర్వాత ఆగలేదు. తుప్పు వాసన, నూనె కంపు, చీజ్ గొంగళి, జిగురు చీమిడి... నాకే తెలియనంత అసహ్యం లోపల ఉంది, అంతా బయటికొచ్చింది. "కుక్క కూడా ముట్టదమ్మా!" అన్నాను చివరికి. అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"అదీ మాట," అంది ఆమె, ఊపిరి తీసుకుని. "ఇప్పుడు దారి దొరికింది."

భోజనానికి ఇంకా ముప్పావుగంటే ఉంది. బెండకాయ ముక్కలన్నీ వేళ్ళతో ఏరేసింది. స్ట్రాబెర్రీలు, క్యాబేజీ కాచి చల్లార్చిన నీళ్ళలో మూడుసార్లు కడిగింది. గుంటూరు నుంచి గోనెసంచిలో, రంపపు పొట్టు మధ్య వచ్చిన ఐసుగడ్డ అంతా కరిగి, పిడికెడు మిగిలింది. ఆ పిడికెడూ మిగలడమే అదృష్టం. గిన్నె దాని మీద పెట్టింది. నూనె మానేసింది. సిర్కా బదులు నిమ్మకాయ పిండింది. కొంచెం పంచదార, ఉప్పు, దంచిన మిరియం. చీజ్ మాత్రం కాగితంలో ఉంది కాబట్టి, ఇంజనీరుగారు వెతుకుతారు కాబట్టి, పైన నాలుగు పలుకులు చల్లింది.

మళ్ళీ తిన్నాను. "ఇందాకటంత ఘోరంగా లేదు. అయినా బాగాలేదు. పండు మురిగిన వాసన పోలేదు. తుప్పూ కాస్త ఉంది."

"మింగగలరా?"

"మింగగలను."

"అంతకన్నా ఈ పళ్ళతో కాదులే," అంది.

దొర, దొరసాని, ఇంజనీరుగారు వచ్చి భోజనానికి కూర్చున్నాక బల్ల దగ్గర నేను గోడవారగా నిలబడ్డాను. చారు, కోడికూర, పులావు అందరూ ఇష్టంగా తిన్నారు. దొర రెండోసారి వడ్డించుకున్నాడు. అప్పుడు ఇంజనీరుగారు చప్పట్లు కొట్టి, గాజుగిన్నె తెప్పించారు. "మేడమ్, మీకోసమే!" అన్నారు.

దొర సలాడు వైపు చూసి, కడుపు నిండిందని చేత్తో సైగ చేశాడు. దొరసాని యాభై దాటిన సన్నటి మనిషి. ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. ఆమె మొహం చూస్తే నా మొహం నాకు కనిపించింది. గొంతు ఒకసారి కదిలి ఆగింది. కళ్ళు చెమ్మగిల్లాయి. నీళ్ళగ్లాసు అందుకుని, తాగి, "చాలా బాగుంది," అని ఇంగ్లీషులో అంది. ఆ తర్వాత పెదాలు తుడుచుకునే నెపంతో రుమాలు నోటికి పెట్టుకుంది, తీసినప్పుడు రుమాలు లావుగా ఉంది.

ఇంజనీరుగారు పొంగిపోయి తానూ ఒక పెద్ద చెంచాడు తిన్నారు. నమలడం మధ్యలో ఆగారు. దొరసాని బాగుందన్నాక ఆయనకి ఉమ్మే దారి లేదు. మింగారు. ఆమె మర్యాదగా తన వంతు కూడా ఆయన వైపు జరిపింది. ఆయన అదీ తిన్నారు, నుదుటి మీద చెమటలు కారుతుండగా, ప్రతి ముద్దకీ నవ్వుతూ. ఆయన మీద జాలిపడాలి గానీ, ఆ క్షణంలో నాకు రాలేదు.

భోజనం కాగానే దొరసాని లేచి నేరుగా వంటింట్లోకి వచ్చింది. వెనకే నేను, మా వెనక ఇంజనీరుగారు. మాబున్నీసా పైట తలమీదకి లాక్కుని నిలబడింది. దొరసాని ఆమె చెయ్యి పట్టుకుని, పులావు చాలా బాగుందనీ, కూర బాగుందనీ చెప్పింది. నేను తెలుగులో చెప్పాను.

"ఆ పళ్ళ సంగతి అడగండన్నయ్యా. నిజంగా ఎట్టుందో," అంది మాబున్నీసా.

ఇంజనీరుగారు వెనకనుంచి, "బాగుందన్నారుగా. దొరలు ఎప్పుడొచ్చినా ఇదే చెయ్యాలి. మళ్ళీ పళ్ళు తెప్పిస్తా," అన్నారు.

ఆ మాటకి మాబున్నీసా ఆయన వైపు తిరిగింది. "అయ్యా, తప్పయితే క్షమించండి. అది నేనింకోసారి చెయ్యను."

"ఏంటీ?"

"ఆయమ్మ రుమాల్లోకి ఉమ్మేసింది. తలుపు సందులోంచి చూశా. ఈ అన్నయ్య కిటికీలోంచి ఉమ్మేశాడు. మురిగిన పళ్ళు తిని దొరలెవరికన్నా జబ్బు చేస్తే వండినదాన్ని నేను, నా మాట పోద్ది. తక్కినయ్యన్నీ చేస్తా. ఉంచుకుంటే ఉంచుకోండి, లేదంటే గది ఖాళీ చేస్తా."

దేవానందం గుమ్మంలో నిలబడి, చుట్ట వెలిగించబోయి ఆగిపోయాడు. ఇంజనీరుగారు నావైపు చూశారు. నన్ను అడ్డుపడమన్నట్టు కాదు, నిజం చెప్పమన్నట్టూ కాదు, ఊరికే చూశారు.

"ఆమె చెప్పింది నిజమేనండీ," అన్నాను. "నేను రెండుసార్లు తిన్నాను. రెండుసార్లూ అసహ్యంగానే ఉంది. ఆ బెండకాయ వేయమన్నదీ, మందు ఎక్కువ వేసిందీ నేనే. ఉన్నంతలో తినగలిగేట్టు చేసింది ఆమె."

"బెండకాయా?" అన్నారాయన నీరసంగా. "బెండకాయ కూడా ఉందా?"

"తీసేసిందండీ."

దొరసానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ మా మొహాలు చూసి, నా దగ్గరకి వంగి, "నేను ఉమ్మేసిన సంగతి ఆమెకి తెలిసిపోయిందా?" అని గుసగుసగా అడిగింది. తెలిసిందన్నాను. ఆమె ఎర్రబడి, మాబున్నీసా వైపు చూసి ఫక్కున నవ్వింది. మాబున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇంజనీరుగారు నవ్వలేదు. వంటింటి గుమ్మం మీదే, తెల్ల ప్యాంటు మాసిపోతుందని కూడా చూసుకోకుండా కూలబడ్డారు. కడుపు మీద చెయ్యి పెట్టుకున్నారు.

"అమ్మా," అన్నారు. అంతవరకూ ఆమెని ఆయన అలా పిలవగా నేను వినలేదు. "కాస్త మజ్జిగేమన్నా ఉందా? అల్లం వేసి?"

ఆమె కుండలోంచి మజ్జిగ తీసి, అల్లం దంచి వేసి, ఇత్తడి గ్లాసుతో ఇచ్చింది. ఆయన గుటకలు వేస్తూ తాగారు. రెండో గ్లాసు అడిగారు. అది సగం తాగాక గుమ్మానికి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. మొహానికి రంగు తిరిగి వచ్చింది.

"అమరేశ్వరరావూ," అన్నారు నాతో, కళ్ళు తెరవకుండానే. "కాగితం తీసుకో. ఆర్డరు రాద్దాం."