డబ్బా చప్పుడు

షామీర్‌పేట పక్క చేపల కుంటలో రవ్వ చేపలకు ఎర్రటి పుండ్లు లేచాయి. బాక్టీరియా రోగమని, సున్నం చల్లి పది రోజులు మేత ఆపమని చేపల డాక్టరు చెప్పాడు. కుంట చూసుకునే ఐలమ్మ అలాగే చేసింది.

ఆమె భర్త బాలమల్లు పోయినేడే కాలం చేశాడు. రోజూ పొద్దున కట్ట మీద రేకు డబ్బా కొట్టి తవుడు వేసేవాడు. అతని తర్వాత ఆ డబ్బా ఆమె కొడుతోంది. అది మోగని ఈ పది పొద్దులూ ఆమెకు ఇంట్లో కాలు నిలవలేదు.

పదకొండో రోజు కొట్టింది. నీళ్లు కదల్లేదు. మళ్లీ కొట్టింది. పుండు మానుతున్న రవ్వ ఒకటి పైకి తేలింది.

"ఎంత సతాయించినవే! సప్పుడినంగనే ఆయనొచ్చిండనుకున్నవా?" అంటూ గుప్పెడు తవుడు వేసింది.

ఇంకోసారి డబ్బా కొట్టింది. కొట్టింది తానే అయినా, గబుక్కున కట్ట దారివైపు తిరిగి చూసింది.