కొండమీద చప్పట్లక్క

నిద్రకు మొహం వాచిన మనిషిని మీరెప్పుడైనా చూశారో లేదో గానీ, ఈ కథలో ఆవిడ అచ్చంగా అలాంటి మనిషి. ఆసుపత్రి లాండ్రీలో పాతికేళ్ళుగా పని. గదంత పొడవున్న వేడి రోలరులోకి అవతలి వైపు నుంచి ఆమె తోడికోడలు తడి దుప్పటి పంపుతుంది. ఇవతల ఈమె దాన్ని పొడిగా, సెగలు కక్కుతుండగా అందుకుని మడతపెడుతుంది. రోజుకు ఆరేడు వందల దుప్పట్లు. ఇంటికొస్తే వంట, మంచాన పడ్డ అత్తగారు, ఇద్దరు పిల్లల చదువులు. తర్వాత అత్తగారు పోయారు. పిల్లలు ఎవరి సంసారాలు వాళ్ళు చూసుకుంటున్నారు. బాధ్యతలన్నీ ఒక్కొక్కటే తీరాయి గానీ అలుపు మాత్రం తీరలేదు. అది ఎముకల్లోనే కాపురం పెట్టింది.

అలాంటి ఆవిడ దగ్గరికి ఒక సాయంత్రం మేస్త్రి, అంటే ఆమె మొగుడు, రెండు బస్సు టిక్కెట్లు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"కొండమీద కచేరీలకి పోతున్నాం! మనం వెళ్ళి మూడేళ్ళయిందే!" అని అరిచాడు.

ఆయన మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. బస్సుల డిపోలో నలభై ఏళ్ళు రేకులు కొట్టీ కొట్టీ, రెండేళ్ళ కిందట ఆయన చెవులు దాదాపు మూతబడ్డాయి. చెవిలో పెట్టుకునే మిషను కొన్నారు గానీ అందులోంచి గరగర తప్ప మరేమీ రాదు. పక్కన నిలబడి గొంతు చించుకుంటేనే ఒక ముక్క లోపలికి వెళుతుంది.

"మీకు వినపడదు కదండీ," అందామె చెవి చూపించి.

"నాకు వినపడకపోతేనేం? నీకు వినపడుతుందిగా! ఒక్కో పాట అవగానే ఎలా పాడారో నాకు చెప్పు. నీకున్నంత చెవి ఆ కొండమీద ఎవరికుందే? నువ్వు చెబితే నేను విన్నట్టే."

ఆమె గుండెల్లో రాయి పడింది. పందొమ్మిది వేసవులు ఆ కొండమీద కూర్చున్న ఆ ఇల్లాలు ఒక్కటంటే ఒక్క పాట కూడా పూర్తిగా విని ఎరగదు మరి.

మొదటిసారి వెళ్ళినప్పుడు, సెలవు దొరకడం కోసం ముందురోజు రెండు షిఫ్టులు చేసింది. మూడు గంటలు మలుపులు తిరుగుతూ బస్సు పైకెక్కింది. పచ్చిక వాలు, వాలు కింద చెక్క వేదిక, ఎండలో కూడా చల్లగా తగిలే గాలి. చాప పరుచుకుని ఆయన పాత స్వెట్టరు కప్పుకుంది. వయొలిన్లు మొదలయ్యాయో లేదో, ఆయన భుజమ్మీద తల వాల్చేసింది. అంత కమ్మటి నిద్ర ఆమె పుట్టి బుద్ధెరిగాక పోలేదు. లాండ్రీ మనిషికి పక్కన ఏదో ఒక చప్పుడు సాగుతుంటే జోకొట్టినట్టే ఉంటుంది. అది ఆగితేనే మెలకువ వస్తుంది.

లాండ్రీలో ఒక పద్ధతి ఉంది. రోలరు మధ్యలో ఆగిందంటే, ఇవతల దుప్పట్లు అందుకునే మనిషి వెంటనే గట్టిగా చప్పట్లు కొట్టాలి. మిగతా యంత్రాల హోరులో మాట వినపడదు కాబట్టి, 'చేతులు వెనక్కి తీసుకో, మళ్ళీ తిరుగుతుంది' అని దానికి అర్థం. ఆలస్యమైతే అవతలి మనిషి వేళ్ళు కమిలిపోతాయి. చేరిన మూడేళ్ళకే ఆ పని ఆమె చేతులకు పట్టుబడింది. బుర్రతో నిమిత్తం లేదు.

వేదిక మీద వయొలిన్లు ఆగాయి. కళ్ళు తెరవకముందే ఆమె చేతులు చప్పట్లు కొట్టేశాయి. ఆ తర్వాతే జనమంతా అందుకున్నారు. మేస్త్రికి కళ్ళు మూసుకుని వినడం అలవాటు. ఆయన కళ్ళు తెరిచి పెళ్ళాం వైపు తిరిగాడు. "పాట ఎక్కడ ముగుస్తుందో నీకు ముందే తెలిసిపోయిందన్నమాట! ఇంత విద్య దాచుకుని నాతో ఒక్క మాటైనా అనలేదేం?" అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. పెళ్ళయిన పదేళ్ళలో ఆయన ఆమెను అలా చూడటం అదే మొదలు. అలాంటి చూపు దక్కాక నిజం చెప్పుకుని దాన్ని పోగొట్టుకునేంత పిచ్చిది ఎవరుంటారు చెప్పండి!

అలా ఆవిడ చప్పట్లక్క అయింది. ఏటేటా వచ్చేవాళ్ళు ఆమెను చూడగానే "అక్కొచ్చింది, ఇక మొదలెట్టొచ్చు" అని జరిగి చోటిచ్చేవాళ్ళు. ఒక ఏడు ఉన్నట్టుండి వాన కురిస్తే అందరూ వేదిక కిందికి దూరారు. డోలు వాయించే ముసలాయన తన డోలు మీది గుడ్డ తీసి ఆమె తలకు కప్పాడు. "డోలు తడిస్తే ఆరబెట్టుకుంటాం. నువ్వు జ్వరం తెచ్చుకుంటే మాకు చప్పట్లెవరు కొడతారమ్మా?" అన్నాడు. ఆ మాటకు ఆమె వారం రోజులు మురిసిపోయింది. ఇంకో ఏడు పొగమంచు దిగి వేదికే కనపడలేదు, ఆ ఏడు నిద్ర మరీ బాగా పట్టింది. ఏడాదంతా దుప్పట్లు మడిచేది ఈ ఒక్క రోజు కోసమేనని ఆమెకు అనిపించేది. దిగొచ్చేటప్పుడు బస్సులో మూడు గంటలూ ఆయన విన్నవన్నీ ఏకరువు పెట్టేవాడు. ఆమె కళ్ళు బలవంతాన తెరిచి ఉంచుకుని గంగిరెద్దులా తలూపేది.

"చెప్పెయ్ అక్కా, పీడా పోతుంది," అంది తోడికోడలు మర్నాడు టీ తాగుతూ. ఈ గుట్టు తెలిసింది ఆమె ఒక్కతికే.

"చెవులు బాగున్న రోజుల్లోనే చెప్పలేదు, ఇప్పుడెలా చెప్పనే? ఆయనకి మిగిలిందల్లా అదే. మనిద్దరం కలిసి విన్నాం అనుకుంటూ బతుకుతున్నాడు. అది కూడా లాక్కోమంటావా?"

"లాక్కోకు. కొండమీద ఆయన అడుగుతాడుగా, డోలు డబడబమందండీ అని చెప్పు, సరిపోతుంది."

నవ్వొచ్చింది గానీ, నవ్వడానికి కూడా ఓపిక ఉండాలి కదా. ఇక వినని పాటలు కల్పించి చెప్పే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ సాయంత్రం ఆయన అన్నం తింటుండగా ఆమె ఎదురుగా కూర్చుని నోరు విప్పింది.

"ఏమండీ, నేను పాటలు వినలేదు."

"ఆఁ?"

"వినలేదండీ! నిద్రపోయాను!"

"ఏ ఏడు?"

"ప్రతి ఏడూ!"

"గట్టిగా చెప్పవే, గొణుగుతావేం!"

"పందొమ్మిదేళ్ళూ నిద్రపోయానండీ!"

కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. మూడంతస్తుల మేడ మొత్తం ఆమె బండారం వింది. పై వాటాలో ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రి మాత్రం చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"మరి చప్పట్లో?" అన్నాడు.

ఆమె రోలరు తిరగడం, ఆగడం, తన చేతులు కలవడం అభినయించి చూపించింది. పని చేసిన మనిషి కాబట్టి ఆయనకు ఇట్టే అర్థమైంది. చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయాడు. తర్వాత నాలుగు రోజులు ముభావంగా తిరిగాడు. కావలసింది సైగతోనే అడిగాడు. చేజేతులా ఆయన ఆస్తి తగలబెట్టానని ఆమె లోలోపలే కుమిలింది. టిక్కెట్లు చించేసి ఉంటాడనుకుంది.

ప్రయాణం రోజు పొద్దున్నే చూస్తే సంచీ సర్ది గుమ్మం దగ్గర ఉంది. చాప, స్వెట్టరు, ఫ్లాస్కు అన్నీ ఉన్నాయి. ఇద్దరూ బస్సెక్కారు. సగం కొండ ఎక్కాక ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే నోరు తెరిచాడు.

"దిగొచ్చేటప్పుడు మూడు గంటలూ వాగుతూనే ఉండేవాణ్ణి కదే. అప్పుడు కూడా నిన్ను పడుకోనివ్వలేదు."

ఈ మాట ఆయన అరవలేదు. తన గొంతు తనకు వినపడని మనిషి దాన్ని ఎలా తగ్గించుకున్నాడో గానీ తగ్గించాడు. తిట్లకు సిద్ధపడి కూర్చున్న ఆమెకు ఏడుపు ఆగలేదు. ఈ ఒక్కరోజైనా కళ్ళు మూయకూడదు, ప్రతి పాటా విని చెప్పాలి అని అప్పుడే గట్టిగా అనుకుంది.

కొండమీద పాత మొహాలు తగ్గాయి గానీ, ఉన్నవాళ్ళు అక్కొచ్చిందని చోటిచ్చారు. ఆమె ఫ్లాస్కులోని టీ రెండు గ్లాసులు తాగింది. తొడ గిల్లుకుంది. వేణువు మొదలైంది. ఎంత బాగుందో ఆయనకు ఏ మాటల్లో చెప్పాలా అని వెతుక్కుంటోంది. వెతుకుతూ వెతుకుతూ తల వాల్చేసింది.

చప్పుడు ఆగింది. అలవాటు ప్రకారం చేతులు చప్పట్లు కొట్టాయి. కళ్ళు తెరిచి చూస్తే వేదిక మీద ఎవరూ లేరు. కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నారు. ఎండ కొండ అవతలికి వెళ్ళిపోయింది. మేస్త్రి భుజం కదలనివ్వకుండా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు.

పక్క చాప చుట్టుకుంటున్న పెద్దావిడ ఇక ఉండబట్టలేకపోయింది. "ఏం మనిషమ్మా మీ ఆయన! పాట ఆగినప్పుడల్లా ఈయన కూనిరాగం మొదలు! శ్రుతి లేదు, తాళం లేదు. వాయించేవాళ్ళ చేతులకేసే గుడ్లప్పగించి చూడటం, అవి ఆగగానే ఈయన అందుకోవడం. వాళ్ళు మళ్ళీ మొదలెట్టేదాకా ఆపితే ఒట్టు! మేం ఎన్ని సైగలు చేసినా నిన్ను చూపించి చెయ్యి ఊపేశాడు. అంతా అయిపోయి గంటయింది, ఇంకా పాడుతూనే ఉన్నాడు!"

మేస్త్రికి ఆవిడ మాటలు వినపడలేదు. పెళ్ళాం లేచిందని మాత్రం చూసి నొచ్చుకున్నాడు.

"పాడు దగ్గు, లేపేసింది," అన్నాడు. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. "బస్సుకింకా అరగంట ఉందే. పడుకో."

మళ్ళీ అందుకున్నాడు. రేకు మీద సుత్తి దెబ్బల్లా ఉంది ఆ రాగం. ఆమె మళ్ళీ ఆ భుజమ్మీదే తల పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎంత అలిసి ఉన్నా ఈసారి నిద్రపోలేదు. బస్సువాడు హారను కొట్టేదాకా వింటూనే ఉంది.